శిక్షణకు వచ్చే విద్యార్థుల ప్రాణాలకు పూచీ ఎవరిది?

 

ఈ రెండు మూడేళ్లుగా మన ఖాతాల్లో కొత్త మొహాలు కనిపిస్తున్నాయి. మెడలో కాలేజీ గుర్తింపు కార్డు, చేతిలో నోటుపుస్తకం, కాళ్లకు చెప్పులు. వీళ్లు పర్మనెంటు కాదు, బద్లీ కాదు, కాంట్రాక్టు కూలీలూ కాదు. అడిగితే “ట్రైనింగ్‌కు వచ్చాం కాకా” అంటారు. నెలో, రెండు నెలలో, కొందరైతే ఆరు నెలలో ఉండి, సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోతారు.

ఇది ఒకటి రెండు మిల్లుల ముచ్చట కాదు. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత మహారాష్ట్ర విశ్వవిద్యాలయాల కొత్త పాఠ్యక్రమాల్లో ‘ఆన్ జాబ్ ట్రైనింగ్’ అనేది చేరింది. దానికి 4 క్రెడిట్లు ఉన్నాయి. అంటే పరీక్ష రాసినట్టే అదీ లెక్కలోకి వస్తుంది. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ పిల్లలకు ఇంటర్న్‌షిప్ అంతకుముందు నుంచే ఉంది. ఐటీఐ పిల్లలకు 1961 చట్టం కింద అప్రెంటిస్ శిక్షణ ఉంది. పుస్తకంలో చదివినదాన్ని సాంచా దగ్గర నిలబడి చూస్తే గాని చదువు పూర్తి కాదన్నది మంచి మాటే. మన సంఘం దానికి అడ్డు చెప్పదు. పైగా ఆ పిల్లల్లో చాలామంది మనవాళ్లే. మిల్లులో ముప్ఫై ఏళ్లు చేసిన తండ్రీ, ఇంట్లో బీడీలు చుట్టిన తల్లీ కూడబెట్టిన రూపాయలతో కాలేజీ మెట్లెక్కిన పిల్లలు వాళ్లు.

మేము అడిగేది ఒక్కటే. ఆ పిల్లవాడి చెయ్యి మిషన్‌లో పడితే జవాబుదారీ ఎవరు? శేఠ్‌ను అడిగితే “వాడు మా మనిషి కాదు, కాలేజీ పంపింది” అంటాడు. కాలేజీవాళ్లను అడిగితే “ప్రమాదం జరిగింది మిల్లు గేటు లోపల” అంటారు. ఇన్సూరెన్స్ కంపెనీని అడిగితే “పాలసీలో ఆ పేరు లేదు” అంటుంది. ఈ మూడు తలుపులూ మూసుకున్న తర్వాత ఆ తల్లిదండ్రులు యూనియన్ ఆఫీసు తలుపు తడతారు. అప్పటికి మనం చేయగలిగింది చాలా తక్కువగా ఉంటుంది. కాబట్టి ప్రమాదం జరిగిన తర్వాత కాదు, జరగకముందే ఈ ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా ఉండాలి. కాగితం ముందు, మిషన్ తర్వాత. ఇదే మన సంఘం మాట.

పేరు ఒకటే, చట్టంలో దారులు మూడు

మన నోటికి అందరూ ‘ట్రైనీలే’. కాని చట్టం వాళ్లను మూడు రకాలుగా చూస్తుంది. ఈ తేడా తెలియకపోతే నష్టపరిహారం అడగడానికి ఏ ఆఫీసు మెట్లెక్కాలో కూడా తెలియదు.

మొదటివాడు 1961 అప్రెంటిసుల చట్టం కింద ఒప్పందం రాసుకుని, ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన అప్రెంటిస్. ఈ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అతడు కార్మికుడు కాదు, శిక్షణార్థి మాత్రమే. అతడికి ఈఎస్ఐ లేదు. అయితే రెండు రక్షణలు ఉన్నాయి. 14వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీలో కార్మికులకు వర్తించే ఆరోగ్య, భద్రతా, సంక్షేమ నిబంధనలు అతడికీ వర్తిస్తాయి. 16వ సెక్షన్ ప్రకారం శిక్షణలో ఉండగా, శిక్షణ కారణంగా ప్రమాదం జరిగితే యజమానే నష్టపరిహారం ఇవ్వాలి. అప్రెంటిసుల అధికారి అనుమతి లేకుండా అతడి చేత ఓవర్‌టైమ్ చేయించకూడదని కూడా ఆ చట్టమే చెబుతోంది.

రెండవవాడు మిల్లు తనంతట తాను ‘ట్రైనీ’, ‘లర్నర్’ అని పేరు పెట్టి నెలకింత ఇచ్చి పెట్టుకున్నవాడు. 1961 చట్టం కింద ఒప్పందం లేదు, నమోదు లేదు. ఇతడు మిషన్ నడుపుతాడు, ఉత్పత్తి తీస్తాడు. ఈఎస్ఐ చట్టానికి 2010లో చేసిన సవరణతో ఇటువంటివాళ్లను తప్పించే సందు మూసుకుపోయింది. 1961 చట్టం కింద చేరిన అప్రెంటిస్ ఒక్కడే ఈఎస్ఐకి బయట ఉంటాడు, మిగిలినవాళ్లు లోపలే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ‘ఉద్యోగి’ అనే మాటకు ఇదే అర్థం చెప్పింది. ఇతడికి ఈఎస్ఐ కట్టకపోతే అది ఎగవేతే.

ఈఎస్ఐ ఉన్నదీ లేనిదీ చిన్న తేడా కాదు. పనిలో దెబ్బ తగిలితే ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా హక్కు ఉంటుంది. పని చేయలేని రోజులకు సగటు వేతనంలో 90 శాతం వస్తుంది. శాశ్వతంగా అంగవైకల్యం వస్తే నెలనెలా జీవితాంతం వస్తుంది. ప్రాణం పోతే కుటుంబానికి పెన్షన్ వస్తుంది. దీనికి యజమాని కట్టేది వేతనంలో 3.25 శాతం, కార్మికుడు కట్టేది 0.75 శాతం. ఇంత తక్కువ ఖర్చుతో వచ్చే రక్షణను కూడా ‘ట్రైనీ’ అన్న ఒక్క మాట చాటున దాటవేస్తున్నారు.

మూడవవాడు కాలేజీ ఉత్తరం పట్టుకుని వచ్చిన విద్యార్థి. మిల్లు అతడికి వేతనం ఇవ్వదు. 1961 ఒప్పందమూ లేదు. అందరికంటే గాలిలో వేలాడుతున్నవాడు ఇతడే. ఈఎస్ఐ లేదు, అప్రెంటిస్ చట్టం లేదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ పాలసీ ఏదైనా ఉంటే దాని డబ్బు రావాలి. లేకపోతే యజమాని నిర్లక్ష్యం వల్లే దెబ్బ తగిలిందని సివిల్ కోర్టులో నిరూపించుకోవాలి. వేలు తెగిన పిల్లవాడి తండ్రి ఎన్నేళ్లు కోర్టు చుట్టూ తిరగగలడు?

మస్టర్‌లో పేరు లేకపోతే

నేను రింగ్ ఖాతాలో డాఫర్‌గా చేరిన కొత్తలో, 1989 ప్రాంతంలో, మా మిల్లు కార్డింగ్ ఖాతాకు ఒక పిల్లవాడు పని నేర్చుకోవడానికి వచ్చేవాడు. అటువంటివాళ్లను మేము ‘శికావు’ అనేవాళ్లం. జాబర్‌కు తెలిసినవాళ్ల అబ్బాయి. మస్టర్‌లో పేరు లేదు, పగారం లేదు, నేర్చుకుంటే బద్లీ దొరుకుతుందన్న ఆశ ఒక్కటే ఉంది. కార్డు కింద పడిన పత్తి ఊడుస్తుండగా చెయ్యి లోపలికి పోయింది. రెండు వేళ్లు పోయాయి.

రక్తం తుడవకముందే కథ మారిపోయింది. పాళీ మారేసరికి కాగితం మీద వాడు “బంధువును చూడటానికి వచ్చిన మనిషి” అయ్యాడు. డాక్టర్ దగ్గర కూడా మిషన్ మాట ఎత్తలేదు, ఇంటి దగ్గర తగిలిన దెబ్బ అని రాయించారు. మా ఖాతాలో తలా ఇంత వేసుకుని మందులకు ఇచ్చాం. తర్వాత కేసు వేద్దామంటే చేతిలో ఒక్క కాగితం లేదు. వాడు ఆ మిల్లులో పనిచేసినట్టు, అక్కడే దెబ్బ తగిలినట్టు చూపించే ఆధారం ఏదీ మిగల్చలేదు.

నేడు మెడలో కార్డు వేసుకుని వచ్చే కాలేజీ పిల్లవాడి పరిస్థితి దీనికంటే గొప్పగా ఉందా? వాడి పేరూ మస్టర్‌లో లేదు. వాడికీ పగారం లేదు. సెల్‌ఫోన్ కొత్తది గాని, మోసం పాతదే.

వేళ్ల లెక్క

మన కార్మికులు ఈ లెక్క ఒకసారి జాగ్రత్తగా చూడాలి. 1923 నష్టపరిహార చట్టంలో ఏ అవయవం పోతే ఎంత శాతం సంపాదన శక్తి పోయినట్టో పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడు వేలు పూర్తిగా పోతే 14. నడిమి వేలుకు 12. ఉంగరపు వేలు గాని చిటికెన వేలు గాని పోతే 7. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. 1923 చట్టం పోయి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది గాని, ఈ పట్టిక అందులోకీ వచ్చింది.

పరిహారం లెక్క కట్టేది నెల వేతనం మీద. పూర్తి అంగవైకల్యానికి నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. 20 ఏళ్ల వయసుకు గుణకం 224. నెలకు 15,000 రూపాయలు వచ్చే 20 ఏళ్ల కార్మికుడి చూపుడు వేలు పోతే లెక్క 2,82,240 రూపాయలు. అదే వయసు, అదే మిషన్, అదే వేలు, కాని నెలకు చేతికి వచ్చేది 5,000 మాత్రమే అయితే ఈ సూత్రం ప్రకారం వచ్చేది 94,080 రూపాయలు. ఇక నెలకు ఏమీ రాని విద్యార్థి మాటేమిటి? సున్నాను దేనితో హెచ్చించినా సున్నాయే.

మరణానికి ఇదే పద్ధతి. అక్కడ 60కి బదులు 50 శాతం. 15,000 మీద 20 ఏళ్లవాడికి 16,80,000 రూపాయలు. 5,000 మీద 5,60,000. అంటే తక్కువ ఇచ్చి పని చేయించుకున్నవాడికి ప్రాణం పోయినప్పుడు కూడా తక్కువే ఇస్తారు. తక్కువ వేతనం నష్టం ప్రతి నెలా ఒకసారి, ప్రమాదం రోజున మరొకసారి.

ఇన్సూరెన్స్ ఉంది అంటారు. చూపించమనండి

కొన్ని కాలేజీలు “మేము ఇన్సూరెన్స్ చేయించాం” అంటాయి. సంతోషమే. కాని మాట మీద నమ్మకుండా పాలసీ కాగితం అడగాలి.

చాలామంది చూపించేది ప్రధానమంత్రి సురక్షా బీమా. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి కోసుకుంటారు. ప్రమాదంలో మరణించినా, రెండు కళ్లు గాని, రెండు చేతులు గాని, రెండు కాళ్లు గాని పోయినా 2 లక్షలు. ఒక కన్ను గాని, ఒక చెయ్యి గాని, ఒక కాలు గాని పూర్తిగా పనికిరాకుండా పోతే లక్ష. అందరూ చేయించుకోవలసిన పథకమే. కాని మిల్లులో ఎక్కువగా పోయేవి ఏమిటో మనకు తెలుసు. వేళ్లు. చూపుడు వేలు ఒక్కటి పోతే ఈ పథకంలో పైసా రాదు. ఆస్పత్రి ఖర్చు కూడా రాదు. 2024లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో కూడా కేంద్రం ప్రీమియం కట్టేది ఈ సురక్షా బీమాకూ, జీవన జ్యోతి బీమాకూ. రెండవది ప్రాణం పోయినప్పుడు మాత్రమే డబ్బు ఇచ్చేది. కంపెనీ కావాలంటే వేరే ప్రమాద బీమా చేయించవచ్చునన్నారు. ‘కావాలంటే’ అన్న మాట ఉన్నచోట ఎందరు చేయిస్తారో మనకు కొత్త కాదు.

కాబట్టి పాలసీ చేతికి వస్తే ఈ సంగతులు చూడాలి. విద్యార్థి పేరు అందులో ఉందా? శిక్షణ మొదలయ్యే రోజు నుంచి ముగిసే రోజు వరకు తారీఖులు సరిపోతున్నాయా? కాలేజీ ఆవరణలో జరిగే ప్రమాదానికే పరిమితమా, మిల్లులో జరిగినదానికీ వర్తిస్తుందా? మిషన్ దగ్గర జరిగిన ప్రమాదం తమకు సంబంధం లేదని ఎక్కడైనా చిన్న అక్షరాల్లో రాసి ఉందా? వేళ్ల వంటి పాక్షిక నష్టానికి శాతాల పట్టిక ఉందా? ఆస్పత్రి ఖర్చు ఎంతవరకు? ఇంటి నుంచి మిల్లుకు వచ్చే దారిలో, తిరిగి పోయే దారిలో జరిగితే? ఈఎస్ఐలో దారిలో జరిగే ప్రమాదం కూడా పనికి ముడిపడి ఉంటే పని ప్రమాదంగానే లెక్క. విద్యార్థికి అంతకంటే తక్కువ ఎందుకు ఉండాలి?

యజమాని తప్పించుకోలేని ఒక మాట

నాలుగు లేబర్ కోడ్‌లను దేశంలోని కేంద్ర కార్మిక సంఘాలు చాలావరకు వ్యతిరేకించాయి. ఆ వ్యతిరేకతకు కారణాలు ఉన్నాయి. అయినా చట్టం అమల్లో ఉన్నప్పుడు అందులో మనకు పనికొచ్చేది ఏదైనా ఉంటే వదలకూడదు.

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 6వ సెక్షన్‌లో యజమాని విధులు ఉన్నాయి. అందులో ఒకటి ఏమిటంటే, పని స్థలంలో యజమానికి తెలిసి గాని తెలియక గాని ఉన్న వ్యక్తుల భద్రతకు, ఆరోగ్యానికి అతడే బాధ్యుడు. అక్కడ ‘ఉద్యోగులు’ అని కాదు, ‘వ్యక్తులు’ అని ఉంది. అంటే “వాడు మా మనిషి కాదు” అన్న మాట భద్రత విషయంలో చెల్లదు. విధి తప్పినందువల్ల ప్రాణం పోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తక్కువ కాని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో సగానికి తక్కువ కాకుండా బాధితుడికో అతడి వారసులకో ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. ఈ మాటను ప్రతి ఖాతా ప్రతినిధీ గుర్తుపెట్టుకోవాలి.

కాని ఒక కంత ఉంది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చిన్న షెడ్లకు మామూలుగా ఈ కోడ్ అందదు. ఈఎస్ఐ కూడా తప్పనిసరి అయ్యేది పదిమంది ఉన్నచోటే. షోలాపూర్‌లో, భివండీలో, ఇచల్‌కరంజీలో ఇంటి వెనక నాలుగైదు సాంచాలు పెట్టుకుని నడిపే షెడ్లు ఎన్ని ఉన్నాయో లెక్క మనకు తెలుసు. అటువంటి చోటికి విద్యార్థిని శిక్షణకు పంపదలచుకుంటే, సొంతంగా పూర్తి ప్రమాద బీమా చేయించకుండా కాలేజీ పంపకూడదు.

షోలాపూర్ అక్కల్‌కోట రోడ్ ఎంఐడీసీలో 2025 మే 18న ఒక టవల్ కార్ఖానాలో జరిగిన అగ్నిప్రమాదాన్ని ఎవరూ మరిచిపోలేదు. 8 మంది చనిపోయారు. యజమాని కుటుంబమూ కార్మికుల కుటుంబమూ ఒకే మంటల్లో పోయింది. పత్తి, నూలు ఉన్నచోట మంట మనిషిని గుర్తు పట్టదు. శేఠ్ అనదు, కార్మికుడు అనదు, విద్యార్థి అనదు. అందుకే కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు మొదటి గంటలో చూపించవలసింది మిషన్ కాదు, బయటికి పోయే దారి. ఆ దారికి గాంఠలు అడ్డంగా ఉంటే ముందు వాటిని తీయించాలి.

మిషన్ దగ్గర నేర్పవలసినవి

బీమా డబ్బు వేలిని తిరిగి తేదు. దెబ్బ తగలకుండా చూడటమే అసలు పని. ఆ పని ఇంజనీర్ల కంటే మనకు బాగా తెలుసు.

బ్లో రూమ్‌లో స్విచ్ ఆపగానే బీటర్ ఆగదు. తన బరువుకు తాను తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగిందని కళ్లతో చూసిన తర్వాతే మూత తీయాలి. కార్డు సిలిండర్ కూడా అంతే. కొత్తవాడు చప్పుడు తగ్గింది గదా అని చెయ్యి పెడతాడు. రింగ్ ఫ్రేమ్ దగ్గర ట్రావెలర్ ఎగిరి కంట్లో పడవచ్చు. మగ్గాల షెడ్డులో నాడా తప్పిందంటే ఎదురుగా ఉన్న మనిషి ముఖానికో రొమ్ముకో తగులుతుంది. మగ్గం పక్కన ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో ముందే చూపించాలి. సైజింగ్‌లో ఆవిరి, మరిగే గంజి, రోలర్ల మధ్య సందు, మూడూ ప్రమాదమే. కంప్రెసర్ గాలితో ఒంటి మీది దుమ్ము దులుపుకోనివ్వకూడదు.

1948 ఫ్యాక్టరీల చట్టం 2025లో పోయింది గాని, దాని 22వ సెక్షన్ నేర్పిన పాఠం పోలేదు. తిరుగుతున్న మిషన్ దగ్గర పని చేసేవాడు ప్రత్యేకంగా శిక్షణ పొందినవాడై ఉండాలి, ఒంటికి అతుక్కున్న బట్టలు వేసుకోవాలి. శిక్షణకు వచ్చిన ఆడపిల్లల చున్నీ, విడిచిన జడ, మగపిల్లల చేతి కడియం, మణికట్టు దారం, చెవుల్లో ఇయర్‌ఫోన్, వీటన్నిటినీ గేటు దగ్గరే తీయించాలి. చెప్పులతో రానివ్వకూడదు. మిషన్‌ను సెల్‌ఫోన్‌లో తీస్తూ వెనక్కు నడిచేవాడిని అక్కడే ఆపాలి.

ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్ దాటిన చప్పుడు చెవికి హాని అని మన ఫ్యాక్టరీ నిబంధనలే చెప్పాయి. మగ్గాల షెడ్డులో పక్కవాడి మాట వినబడకపోవడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటును పిల్లలకు అంటించవద్దు. చెవికి ప్లగ్, ముక్కుకు మాస్క్ ఇప్పించాలి. సెలవు తర్వాత పనికి వచ్చిన మొదటి రోజు రొమ్ము పట్టేసినట్టు ఉండే బిసినోసిస్ ఎలా మొదలవుతుందో మనలో చాలామందికి అనుభవమే. వాళ్లకు ఇప్పించే మాస్కును మనమూ అడిగి తీసుకుందాం.

మన వంతు

ఇక్కడ మన కార్మికులకు కూడా రెండు మాటలు చెప్పాలి.

కొందరు “వీళ్లు వచ్చి మన బద్లీల పొట్ట కొడుతున్నారు” అని పిల్లల మీద కోపం చూపిస్తున్నారు. కోపానికి కారణం లేకపోలేదు. తమిళనాడులో కోయంబత్తూర్, తిరుప్పూర్, ఈరోడ్, దిండిగల్ ప్రాంతాల స్పిన్నింగ్ మిల్లుల్లో ‘సుమంగళి’ పేరుతో ఏమి జరిగిందో దేశమంతా విన్నది. పేద ఇళ్ల ఆడపిల్లలను అప్రెంటిస్‌లన్నారు. మూడేళ్లు హాస్టల్లో ఉంచి పూర్తి పని చేయించుకున్నారు. చివర్లో పెళ్లి ఖర్చుకు ఒక్కసారి డబ్బు ఇస్తామన్నారు. శిక్షణ అన్న మాట చౌక కూలీకి ముసుగుగా ఎలా మారుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

గుర్తుపట్టే పద్ధతి సులభం. వాడు ఒంటరిగా సైడు నడుపుతున్నాడా? రాత్రి పాళీలో వేస్తున్నారా? వాడు రాని రోజు బద్లీని పిలుస్తున్నారా? అవును అయితే పేరు శిక్షణ, పని కూలీ. అప్పుడు వాడికి కార్మికుడి వేతనం, ఈఎస్ఐ అడగవలసింది మనమే. మన తగాదా ఆ పిల్లవాడితో కాదు, వాడిని అలా వాడుకుంటున్న యాజమాన్యంతో. వాడికి హక్కు వస్తే మన బద్లీ పని నిలుస్తుంది. వాడు చౌకగా దొరికినంత కాలం మన పనికి విలువ ఉండదు.

రెండవ మాట. మిషన్‌ను శిక్షణ పిల్లవాడికి అప్పజెప్పి చాయ్‌కు పోవద్దు. అది వాడికి ప్రమాదం, మనకూ ప్రమాదం. ఏదైనా జరిగితే ముందు చార్జ్‌షీట్ వచ్చేది ఆ మిషన్ కార్మికుడికే. నేర్పించే బాధ్యత మన మీద పెట్టదలచుకుంటే యాజమాన్యం అది కాగితం మీద రాసి ఇవ్వాలి, దానికి తగిన సమయమూ ఇవ్వాలి. రెండు సైడ్లు నడుపుతూ ఇద్దరికి పాఠం చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఇంత జాగ్రత్త పడినా ప్రమాదం జరిగితే ఇలా చేయాలి. మొదట ఆస్పత్రి. డాక్టర్‌కు ఏ మిషన్, ఏ ఖాతా, ఎన్ని గంటలకు అన్నది ఉన్నదున్నట్టు చెప్పి కాగితంలో రాయించాలి. మిల్లు ప్రమాదాల రిజిస్టర్‌లో అదే పాళీలో నమోదు చేయించాలి. చూసినవాళ్ల పేర్లు రాసుకోవాలి. కాలేజీకి, తల్లిదండ్రులకు, యూనియన్‌కు అదే రోజు కబురు పోవాలి. ఏ తెల్లకాగితం మీదా విద్యార్థి చేత గాని అతడి తండ్రి చేత గాని సంతకం పెట్టించుకోనివ్వకూడదు.

మా కోర్కెలు

మిల్లు యాజమాన్యాలను, కాలేజీలను మేము కోరేవి ఇవి.

1. శిక్షణకు వచ్చే ప్రతి విద్యార్థికీ మిల్లు, కాలేజీ, విద్యార్థి ముగ్గురూ సంతకం పెట్టిన ఒప్పంద పత్రం ఉండాలి. ప్రమాదం జరిగితే ఎవరు ఎంత ఇస్తారో అందులో స్పష్టంగా రాయాలి.

2. గేటు దగ్గర శిక్షణార్థులకు వేరే మస్టర్ పెట్టాలి. వచ్చిన సమయం, పోయిన సమయం, ఖాతా పేరు అందులో ఉండాలి.

3. వేళ్లకు, కళ్లకు, ఆస్పత్రి ఖర్చుకు, దారిలో జరిగే ప్రమాదానికి వర్తించే బీమా మొదటి రోజుకు ముందే చేయించాలి. ప్రీమియం విద్యార్థి మీద వేయకూడదు. పరిహారాన్ని స్టైపెండ్ మీద కాక ఆ పనికి ఉన్న కార్మికుడి వేతనం మీద లెక్క కట్టాలి.

4. మొదటి వారం చూడటమే గాని మిషన్ ముట్టుకోనివ్వకూడదు. తర్వాత కూడా పేరు రాసి ఇచ్చిన అనుభవజ్ఞుడైన కార్మికుడి పక్కనే ఉండాలి.

5. రాత్రి పాళీ, ఓవర్‌టైమ్, ఒంటరి పని ఉండకూడదు.

6. బూట్లు, మాస్క్, చెవి ప్లగ్ మిల్లే ఇవ్వాలి.

7. కాలేజీ అధ్యాపకుడు శిక్షణ కాలంలో కనీసం వారానికి ఒకసారి ఖాతాలోకి వచ్చి చూడాలి. ఉత్తరం ఇచ్చి పంపేసి, సర్టిఫికెట్ వచ్చాక మార్కులు వేయడం బాధ్యత అనిపించుకోదు.

8. శిక్షణార్థుల జాబితా యూనియన్ ప్రతినిధికి ఇవ్వాలి.

ఇవేవీ కొండమీది కోతిని దింపమన్న కోర్కెలు కావు. ఒక పిల్లవాడికి మంచి ప్రమాద బీమా చేయించడానికి ఏడాదికి అయ్యే ఖర్చు మిల్లుకు ఒక పూట కరెంటు బిల్లులో పిసరంత.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ అమ్మాయో అబ్బాయో “రేపటి నుంచి మిల్లుకు ట్రైనింగ్” అని చెప్పిన రాత్రే అడగండి: కాగితం ఏది? ఎవరి సంతకం ఉంది? బీమా ఎంత? మీకు చదవడం రాకపోతే ఆదివారం యూనియన్ ఆఫీసుకు పట్టుకు రండి, చదివి చెబుతాం. ఖాతా ప్రతినిధులు ఈ నెలాఖరులోగా తమ తమ ఖాతాల్లో ఉన్న శిక్షణార్థుల పేర్లు, వాళ్లకు ఏ కాగితం ఉన్నదీ రాసి ఆఫీసులో ఇవ్వాలి. ఆ జాబితాతోనే యాజమాన్యాల దగ్గరికి పోదాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి